నైరోబీ - జోహన్నెస్‌బర్గ్: టికెట్‌పై 3 గంటలు.. ప్రయాణం 4 గంటలు! ఎందుకలా?

ఉదాహరణకు నైరోబీలో ఉదయం 8 గంటలకు విమానం బయల్దేరితే జోహన్నెస్‌బర్గ్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో 11 అవుతుంది. అంటే మూడు గంటలే అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే 8 గంటలకు బయల్దేరితే నైరోబీ చేరేసరికి మధ్యాహ్నం 1 అవుతుంది. ఈసారి ఐదు గంటలు! నిజానికి ఎటు వెళ్లినా పట్టేది సుమారు 4 గంటలే.

తేడా ఎక్కడొచ్చింది?

టికెట్‌పై బయల్దేరే సమయం, చేరే సమయం ఏ ఊరివి ఆ ఊరి లెక్కలోనే ఉంటాయి. జోహన్నెస్‌బర్గ్ సమయం నైరోబీ కంటే గంట వెనక. మన సమయంతో పోలిస్తే నైరోబీ రెండున్నర గంటలు, జోహన్నెస్‌బర్గ్ మూడున్నర గంటలు వెనక ఉంటాయి.

దూరం ఎంత?

కెన్యా రాజధానిలోని జోమో కెన్యాటా విమానాశ్రయం నుంచి దక్షిణాఫ్రికాలోని ఓ.ఆర్. టాంబో విమానాశ్రయానికి గగనతలంలో దూరం సుమారు 2,910 కిలోమీటర్లు. హైదరాబాద్ - ఢిల్లీ దూరానికి ఇది రెండింతల కంటే ఎక్కువ. గంటకు 850 కిలోమీటర్ల వేగం లెక్కన మూడున్నర గంటల్లోపే చేరాలి. కానీ రన్‌వే వరకు వెళ్లడం, పైకి లేవడం, కిందికి దిగడం, గేటు దగ్గర ఆగడం.. ఇవన్నీ కలిపే విమానయాన సంస్థలు ప్రయాణ సమయాన్ని లెక్కిస్తాయి.

ఎక్కడ జాగ్రత్తపడాలి?

జోహన్నెస్‌బర్గ్ నుంచి నైరోబీ వచ్చి, అక్కడ ముంబయి విమానం అందుకోవాల్సిన వారు గడియారాన్ని గంట ముందుకు జరుపుకోవాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లోనే ఉంటే పాత సమయమే చూపిస్తుంది. దాన్ని నమ్ముకుంటే ఇంకా గంట ఉందనుకున్న విమానం వెళ్లిపోతుంది.

ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ మరవొద్దు

కెన్యా నుంచి వచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్లు సర్టిఫికెట్ చూపాలని దక్షిణాఫ్రికా నిబంధన. నైరోబీ విమానాశ్రయంలో 12 గంటలు దాటి ఆగినా ఇది వర్తిస్తుంది. కెన్యాలో ఉండి భారత్‌కు వచ్చేవారికీ ఈ సర్టిఫికెట్ తప్పనిసరి. లేకపోతే ఇక్కడ 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అవకాశం ఉంది.

టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుబాటులోకి వస్తుంది. ఆపై జీవితాంతం పనిచేస్తుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లో వేయించుకుంటేనే చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రమే. కాబట్టి ప్రయాణం ఖరారు కాగానే ముందు టీకా సంగతి చూసుకోండి. నాలుగు గంటల ప్రయాణానికి పది రోజుల ముందే సిద్ధం కావాలన్నమాట.