ఇరవై ఎనిమిది పౌన్ల కల

2014 ఆగస్టు 4. ఇంగ్లండులో గోధుమ కోతల కాలం. పైరు ఇంకా నేల మీద ఉండగానే ఆ భూమి చేతులు మారింది. మొత్తం 15 వ్యవసాయ క్షేత్రాలు. సొంతమూ కౌలూ కలిపి 39,533 ఎకరాలు. వాటి మీద వందకు పైగా ఇళ్లు, పంటను శుభ్రం చేసి సంచులకెత్తే ప్యాక్‌హౌస్‌లు మూడు, అద్దెకిచ్చిన వ్యాపార కట్టడాలు మరికొన్ని. వెల 24 కోట్ల 90 లక్షల పౌన్లు. అమ్మింది మాంచెస్టరులోని కో-ఆపరేటివ్ గ్రూపు. కొన్నది వెల్‌కమ్ ట్రస్టు.

దస్తావేజు చదివితే ఇందులో ఏడవవలసింది ఏమీ కనబడదు. కొన్నవాళ్లు దుర్మార్గులు కారు. హెన్రీ వెల్‌కమ్ అనే మందుల వ్యాపారి రాసిన వీలునామాతో 1936లో పుట్టిన ధర్మనిధి అది. దాని రాబడి వైద్య పరిశోధనకు పోతుంది. పొలాలను పొలాలుగానే ఉంచుతామన్నారు, ఉద్యోగులనూ తీసుకున్నారు. వెల కూడా అన్యాయమైనది కాదు.

అయినా ఆ అమ్మకం ఒక చావు. ఎందుకంటే ఆ దేశంలో విశాలమైన భూములు ప్రభువులవి, రాజకుటుంబానివి, చర్చివి, ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జి కళాశాలలవి. ఈ ఒక్క మహాక్షేత్రం మాత్రం దుకాణానికి వెళ్లి రొట్టె కొనుక్కునే వాళ్లది. బ్రిటన్ మైదాన ప్రాంతపు సేద్యంలో అంతకంటే పెద్ద రైతు లేడు. ఆ రైతుకు ముఖం లేదు, బిరుదు లేదు, కోట లేదు. లక్షలాది సామాన్యుల చేతుల్లోని సభ్యత్వమే అతని పేరు.

ఆ రైతు పుట్టింది పొలంలో కాదు, మగ్గాల మధ్య.

లాంకషైర్ సీమలో రాచ్‌డేల్ అనే ఊరు. ఫ్లానెల్ గుడ్డ నేసే ఊరు. 1840లలో అక్కడ కూలి తగ్గింది, ఆకలి పెరిగింది. యజమానుల దుకాణాల్లో పిండిలో సుద్ద కలిసేది, తూకంలో వేలు కలిసేది. నేతగాళ్లూ, వాళ్లలాంటి మరికొందరు పనివాళ్లూ వారానికి రెండు మూడు పెన్నీల చొప్పున కూడబెట్టి 28 పౌన్లు చేశారు. 1844 డిసెంబరు 21 రాత్రి, టోడ్ లేన్ అనే సందులో, కొంచెం పిండి, వెన్న, చక్కెర, ఓట్ పిండి పెట్టుకుని తలుపు తీశారు. ప్రపంచంలోని సహకార సంఘాలన్నీ తమ సూత్రాలకు మూలంగా చెప్పుకునేది ఆ తలుపునే. మన ఊళ్లలో ఎరువుల బస్తాలు పంచే సొసైటీకి కూడా ఆ సందుతో చుట్టరికం ఉంది.

అయితే నన్ను కదిలించేది ఆ దుకాణం కాదు. వాళ్లు తమ ఆశయాలు రాసుకున్న కాగితం. మొదట దుకాణం పెట్టాలి. తరువాత సభ్యులకు ఇళ్లు కట్టాలి. తరువాత పని లేనివారికి పని కల్పించే కార్ఖానా తెరవాలి. ఆ తరువాత భూమి కొనాలి, లేదా కౌలుకు తీసుకోవాలి. ఉపాధి పోయిన సభ్యులు, చాలీచాలని కూలితో బతికే సభ్యులు దాన్ని సాగుచేసుకోవాలి. మొత్తం ఆస్తి 28 పౌన్లు ఉన్నవాళ్లు రాసిన మాట ఇది. కొవ్వొత్తి వెలుతురులో వెన్న తూచి అమ్ముతూ వాళ్లు పొలం గురించి కలగన్నారు. వాళ్లలాంటి ఎందరి తాతలో పొలం నుంచి మిల్లుకు తరిమివేయబడ్డవాళ్లే కదా.

ఆ కల నెరవేరడానికి అరవై ఏళ్లు కూడా పట్టలేదు. ఊరూరా వెలిసిన సంఘాలు కలిసి 1863లో టోకు సంఘం పెట్టుకున్నాయి. దానికే తరువాత కో-ఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీ అనే పేరు స్థిరపడింది; పొలాలు అమ్మిన కో-ఆపరేటివ్ గ్రూపు దాని వారసురాలే. 1896లో అది ష్రాప్‌షైర్‌లోని రోడెన్‌లో 714 ఎకరాల ఎస్టేటు కొన్నది. అదే మొదటి చెక్క. అక్కడ అద్దాల ఇళ్లలో టమాటాలు పండించారు, పండ్లతోటలు వేశారు. పనివాళ్లు జబ్బుపడి లేచాక విశ్రాంతి తీసుకోవడానికి ఒక భవనం కూడా ఏర్పాటు చేశారు. మిల్లు పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైన మనిషి, తనకూ భాగం ఉన్న తోట మధ్య కూర్చుని గాలి పీల్చుకోవడం. ఆ ఒక్క దృశ్యం కోసమైనా ఆ భూమిని నేను ప్రేమిస్తాను.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడలను ముంచుతుంటే, తిండి గింజ విలువ అందరికీ తెలిసొచ్చింది. సొసైటీ వరసగా భూములు కొన్నది. యుద్ధం ముగిసింది, ప్రభుత్వం ఇచ్చిన ధర హామీ 1921లో పోయింది, ధాన్యం ధర కూలింది. ఎక్కువ ధరకు కొన్న నేల మీద ఏటా నష్టమే పండింది. అయినా సేద్యం వదల్లేదు. ఆ సంగతి ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కష్టం వస్తే అమ్మక తప్పదని 2014లో అన్నవాళ్లకు, కష్టంలో నిలబెట్టుకున్న పూర్వీకులు ఉన్నారు.

ఈ కథలో మచ్చ లేదని చెప్పను. అదే సంస్థ, స్కాట్లండు సంఘంతో కలిసి, సింహళంలోనూ దక్షిణ భారతంలోనూ తేయాకు తోటలు కొన్నది. లాంకషైర్ కార్మికుడి కప్పులో న్యాయంగా తూచిన టీ పడింది గాని, ఇక్కడ కొండల మీద ఆకు కోసిన చేతులకు ఆ సంఘంలో సభ్యత్వం లేదు. ఆ కలకు ఒక సముద్రం ఇవతల హద్దు ఉంది. ఇవతలి గట్టు నుంచి చూసే మనం అది మరవనక్కరలేదు, దాని వల్ల అవతలి దుఃఖాన్ని కాదననూ అక్కరలేదు.

తరాలు గడిచాయి. కేంబ్రిడ్జ్‌షైర్ ఫెన్స్ పల్లంలో సొసైటీకి కోల్డమ్ ఎస్టేటు ఉండేది. శతాబ్దాల కిందట కాలువలు తవ్వి, బురదను ఎండగట్టి, మనిషి నీటి నుంచి గుంజుకున్న నేల అది. అక్కడ ధాన్యం పండింది. 2000ల మధ్యనాటికి చేల మీద గాలిమరలు తిరిగి కరెంటు కూడా పండింది. హెరిఫర్డ్‌షైర్ టిల్లింగ్టన్‌లో పండ్లతోటలు. మిగతా క్షేత్రాల్లో గోధుమ, బార్లీ, నూనెగింజలు, బంగాళదుంప. దుంపల సంచి మీద అది సంఘం సొంత పొలంలో పండిందని అచ్చువేసి, సంఘం దుకాణంలోనే అమ్మేవారు. బడిపిల్లలను పొలాలకు తీసుకొచ్చి తిండి ఎక్కడ మొలుస్తుందో చూపించేవారు. 2009లో, ప్రభుత్వాలు ఇంకా తటపటాయిస్తుండగానే, తేనెటీగలకు హాని చేస్తాయన్న అనుమానం మీద నియోనికోటినాయిడ్ పురుగుమందులను తమ పొలాల్లో ఆపేశారు. అనుమానం వస్తే ఆగడం పొలంలో తెలిసిన విద్య. అదే సంవత్సరం గ్రూపు సొంత బ్యాంకులో ఆ విద్య ఎవరికీ గుర్తురాలేదు.

అంతకు ముందు ఒకసారి దొంగ గుమ్మం దాకా వచ్చి వెళ్లాడు. 1997లో ఆండ్రూ రేగన్ అనే కుర్ర వ్యాపారి, ముప్ఫయ్యొకటేళ్లవాడు, సొసైటీ మొత్తాన్ని కొనేసి ముక్కలు చేసి అమ్మాలని చూశాడు. లోపలి ఉన్నతోద్యోగులే అతనికి రహస్య పత్రాలు చేరవేశారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఆసారి పట్టారు. కోర్టుకు వెళ్లారు, ఎత్తు చిత్తయింది. సహకారులు పండగ చేసుకున్నారు. ఆ పండగ వెనక ఒక ప్రశ్న మిగిలింది: ఇంత ఆస్తి ఉన్న ఇంటికి తలుపులు ఇంత వదులుగా ఎందుకున్నాయి? అప్పుడే బిగించి ఉంటే, లెక్క తెలిసిన మనుషులను కాపలా పెట్టి ఉంటే! ఆ ప్రశ్నకు కొంత జవాబు వెతికారు. తరువాత వ్యాపారం పెరిగింది, లాభాలొచ్చాయి, ప్రశ్న మరుగున పడింది.

ఇక్కడి నుంచి ఒక్కొక్క మెట్టు దిగుతుంటే, చదివేవాడి గుండె బరువెక్కుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఆగవచ్చు. ఎవరూ ఆగరు.

2008లో సోమర్‌ఫీల్డ్ అనే దుకాణాల గొలుసును 157 కోట్ల పౌన్లకు కొనడానికి ఒప్పుకున్నారు. దానితో అప్పు నెత్తికెక్కింది. మరుసటి ఏడు, 2009 ఆగస్టులో, గ్రూపు బ్యాంకు బ్రిటానియా బిల్డింగ్ సొసైటీని తనలో కలుపుకుంది. ప్రపంచమంతా భవనాల రుణాలు కూలుతున్న కాలం అది. బ్రిటానియా పెట్టెలో వాణిజ్య భవనాల మీద ఇచ్చిన రుణాలున్నాయి. పెట్టె తెరిచి, ఒక్కొక్క కాగితం ఎత్తి చూడవలసింది. సరిగా చూడలేదు. అయిదేళ్ల తరువాత సర్ క్రిస్టఫర్ కెల్లీ విచారణ నివేదిక చెప్పింది ఇదే: పతనానికి వేళ్లు ఆ కలయికలో ఉన్నాయి, బ్యాంకును నడిపిన తీరులో ఉన్నాయి. అణచివేసే ప్రభుత్వాలకు ఆయుధాలు అమ్మేవాళ్లకు రుణమివ్వమని 1992లోనే నియమం పెట్టుకున్న బ్యాంకు అది. పాపపు సొమ్మును వాకిట్లోనే ఆపగలిగింది. పాడు లెక్కను ఆపలేకపోయింది.

అప్పటికైనా ఇంటి లోపలికి చూసుకోవలసింది. లేదు, ఇంకా పెద్ద కలయిక కోసం పరుగెత్తారు. లాయిడ్స్ బ్యాంకు నుంచి 632 శాఖలు కొనాలని దాదాపు రెండేళ్లు బేరమాడారు. 2013 ఏప్రిల్‌లో ఆ బేరం విరిగింది. నెల తిరక్కుండా బ్యాంకు పరపతి పడిపోయింది. ఆ తరువాత తెలిసింది, మూలధనంలో 150 కోట్ల పౌన్ల గుంట ఉందని.

ఆ ఏడాది నవంబరు ఎంత క్రూరమైనదంటే, కల్పనలో రాస్తే అతిశయోక్తి అనేవాళ్లు. బ్యాంకుకు అంతకు ముందు చైర్మన్‌గా ఉన్న పాల్ ఫ్లవర్స్ అనే మెథడిస్టు పాదిరీని పార్లమెంటు కమిటీ అడిగింది, మీ బ్యాంకు ఆస్తులెంత అని. 300 కోట్ల పౌన్లన్నాడు. ఉన్నవి 4,700 కోట్లు. అదే నెలలో ఎలిజబెత్ రాణి మాంచెస్టరుకు వచ్చి గ్రూపు కొత్త కార్యాలయం, అద్దాల మేడ, ప్రారంభించింది. ఆ మేడను అప్పటికే, ఫిబ్రవరిలోనే, అమ్మేసి అద్దెకుంటున్నారు. డిసెంబరుకల్లా బ్యాంకులో 70 శాతం అప్పులిచ్చినవాళ్ల పాలయింది.

బోర్డులో సామాన్యులు కూర్చోవడమే తప్పని అప్పుడు చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. రాచ్‌డేల్‌లో మొదట కూర్చున్నది నేతగాళ్లే. కాని వాళ్లకు తమ దుకాణంలో ఎన్ని కొవ్వొత్తులున్నాయో తెలుసు. అర్థంకాని లెక్క కింద సంతకం పెట్టడం వాళ్లు ఎరగని పని.

కొడుకు చేసిన అప్పుకు తండ్రి పొలం అమ్మడం మన పల్లెలు తరతరాలుగా చూస్తున్న దుఃఖం. ఇక్కడా అదే జరిగింది. తప్పు చేసింది బ్యాంకు. నోరులేనిది నేల. 2014 మొదట్లో పొలాలు అమ్ముతామని గ్రూపు ప్రకటించింది. అవి తమ అసలు వ్యాపారానికి కీలకం కావని కారణం చెప్పింది. 1844 నాటి కాగితం మీద ఉన్న ఆశయం, 170 ఏళ్లకు, వ్యాపారానికి కీలకం కానిదయింది. మార్చిలో ముఖ్య కార్యనిర్వహణాధికారి యూవాన్ సదర్లాండ్ ఈ సంస్థను ఏలడం సాధ్యం కాదని రాజీనామా చేసి వెళ్లాడు. ఏప్రిల్‌లో 2013 సంవత్సరపు నష్టం ప్రకటించారు: 250 కోట్ల పౌన్లు. జూలైలో మందుల దుకాణాలు పోయాయి. ఆగస్టులో భూమి.

ఒక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. ఒక్క ఏడాది నష్టం 250 కోట్లు. మూడు తరాలు కొని, నాలుగు తరాలు దున్ని కాపాడిన నేల మొత్తానికి వచ్చింది 25 కోట్ల లోపు. అంత పెద్ద పొలం ఆ గుంటలో పదో వంతును కూడా పూడ్చలేదు. అమ్మకపోయి ఉంటే సంస్థ మునిగేదా? అప్పు ఇచ్చినవాళ్లు ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ ప్రశ్నను నెమ్మదిగా ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. కౌలుకిచ్చి ఉండవచ్చు. కొంత అమ్మి కొంత ఉంచుకుని ఉండవచ్చు. రోడెన్ లాంటి ఒక్క చెక్కనైనా, 714 ఎకరాలనైనా, ఆ కాగితం పేరుమీద విడిచిపెట్టి ఉండవచ్చు. బోర్డు గదిలో ఒక్క గొంతు పొలం తరఫున చివరిదాకా నిలబడి ఉంటే అని ఇప్పుడు అనుకోవడం తప్ప మనం చేయగలిగింది లేదు.

క్షేత్రాలకు ఫార్మ్‌కేర్ అనే పేరు వచ్చింది. దున్నే మనుషులు చాలావరకు వాళ్లే, ట్రాక్టర్లు అవే. శరదృతువులో మళ్లీ గోధుమ విత్తారు.

ఏ బ్యాంకు తెచ్చిన కష్టానికి పొలాలు అమ్మారో, ఆ బ్యాంకు కూడా గ్రూపుకు మిగల్లేదు. 2017 సెప్టెంబరులో అందులో ఉన్న చివరి ఒక్క శాతం వాటానూ వదులుకున్నారు. 2025 జనవరిలో ఆ బ్యాంకును కొవెంట్రీ బిల్డింగ్ సొసైటీ కొన్నది. అదీ సభ్యుల సొంతమైన సంస్థే. సహకారుల బ్యాంకు పదకొండేళ్ల వనవాసం తరువాత మళ్లీ సభ్యుల గూటికి చేరిందని కొందరు సంబరపడ్డారు, అందులో న్యాయమూ ఉంది. ఆ బేరంలో శాఖలున్నాయి, ఖాతాలున్నాయి, ఇళ్ల రుణాలున్నాయి. పొలాలు లేవు.