పదిహేనో వంతు

జైలు గది తలుపు బయటినుంచి మూసుకుంది. ఇక తెల్లారేదాకా తెరవరు. అది 2014, ఇంగ్లండు. మంచం మీద కూర్చున్న మనిషి ఒడిలో తెల్లటి నూలుగుడ్డ ముక్క. దానిమీద చీమలబారులా సన్నటి అచ్చు అక్షరాలు. అతను సూదిలో దారం ఎక్కించి, కొస ముడేసి, మొదటి అక్షరం అడుగున పొడిచాడు. ఏం చేసి లోపలికి వచ్చాడో మనకెందుకు గానీ, చెయ్యి మాత్రం నెమ్మదైన చెయ్యి.

ఈ గదిని నేను ఊహించుకున్నాను. లెక్క నిజం. అట్లాంటివాళ్ళు 13 జైళ్ళలో 36 మంది. వాళ్ళు కుట్టింది మాగ్నా కార్టా కథ. చట్టప్రకారం తీర్పు లేకుండా ఏ స్వతంత్రుణ్ణీ చెరలో వెయ్యకూడదని 800 ఏళ్ళ కిందట ఒక రాజును ఒప్పించిన పత్రం అది. దాని కథను చెరలో ఉన్నవాళ్ళే అక్షరం అక్షరం కుట్టారు.

ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మా రాజుపాలెం అంటారేమో. కుందూ ఏటి దాపున శనగచేల ఊళ్ళో కూర్చుని ఈ సంగతి చదువుతుంటే నాకు మా వీధి అవ్వ కుట్టే బొంత గుర్తొచ్చింది. పాతచీర లేని ఇల్లుండదు గదా. పది ఇళ్ళనుంచి పది ముక్కలు వచ్చేవి. మధ్యాహ్నం పూట అరుగుమీద నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలా కూర్చునేవాళ్ళు.

"ఈ ముక్క ఎవురిదవ్వా?"

"మీ పెద్దమ్మ పెండ్లిచీరది నాయనా. చినిగిపాయ గానీ రంగు పోలా సూడు."

బొంతకు పైసా వసూలు లేదు. అయినా ఆ పది ఇళ్ళకూ అందులో వాటా ఉండేది. పని ముగిశాక అవ్వ మొదట చేసేది బొంతను తిరగేసి చూడటం. కుట్టు సంగతి పైన తెలీదంట, అడుగునే తెలుస్తుందంట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ప్రొద్దుటూరు పోతే వీధి వీధికీ మగ్గం వర్క్ బోర్డులు. పెండ్లి జాకెట్టు మీద నెమలిని దిద్దిన చేతికి కూలి ముడుతుంది. పేరు ముట్టదు.

ఇక 1215కు పోదాం. ఆ కథ మొదలైందే వసూళ్ళ దగ్గర. జాన్ రాజుకు ఫ్రాన్సులో పోగొట్టుకున్న సీమలు తిరిగి కావాలి. యుద్ధానికి సొమ్ము కావాలి. సైన్యంలోకి రాని సామంతుడు బదులుగా డబ్బు కట్టడం అక్కడి ఆచారం. దాని పేరు స్క్యూటేజ్, మన మాటల్లో డాలు పన్ను. అంతకుముందు రాజులు అవసరానికి వేసిన ఆ పన్నును జాన్ ఏటేటా వేసినంత పని చేశాడు, రేటూ పెంచాడు. తండ్రి ఆస్తి కొడుక్కి దక్కాలంటే సొమ్ము, మొగుడు పోయిన ఆడమనిషి మళ్ళీ పెళ్ళికి ఒప్పుకోకుండా ఉండాలంటే సొమ్ము, వ్యాజ్యం ముందుకు కదలాలన్నా సొమ్ము. ఇట్లా పిండి కూడబెట్టినదంతా యుద్ధానికి పోసి, 1214 జూలైలో బూవీన్ దగ్గర ఆయన మిత్రసేనలు ఓడిపోయేసరికి ఒక్కరోజులో ఏట్లో కలిపేశాడు.

ఓడి ఇంటికొచ్చి మళ్ళీ పన్ను అడిగాడు. ఉత్తరాది సామంతులు ఇవ్వం పొమ్మన్నారు. 1215 మే నెలలో లండన్ నగరం వాళ్ళ చేతికొచ్చింది. జూన్ 15న థేమ్స్ ఒడ్డు, రన్నీమీడ్ పచ్చికబయలు. విండ్సర్ కోటనుంచి రాజు వచ్చాడు. స్టెయిన్స్ వైపునుంచి ఆయుధాలతో సామంతులు వచ్చారు. బొమ్మల పుస్తకాల్లో రాజు ఈకకలం పట్టుకుని సంతకం పెడుతుంటాడు. అది బొమ్మ వేసినవాడి కల్పన. సంతకం లేదు, మైనపు ముద్ర వేశారు, అంతే. గొర్రెతోలు మీద లాటిన్‌లో, పేరాలు కూడా లేకుండా కిక్కిరిసిన రాత. తర్వాతి కాలం వాళ్ళు దాన్ని 63 అంశాలుగా లెక్కపెట్టారు. న్యాయాన్ని అమ్మననీ, లేదనననీ, ఆలస్యం చెయ్యననీ రాజు ఒప్పుకున్నది అందులోనే.

ఒప్పుకున్న పది వారాలకు, ఆగస్టు 24న, పోప్ మూడో ఇన్నోసెంట్ ఆ పత్రం చెల్లదన్నాడు. మరుసటి ఏడు అక్టోబరులో జాన్ చచ్చిపోయాడు. గద్దెకెక్కిన కొడుకు మూడో హెన్రీకి తొమ్మిదేళ్ళు.

బడిలో మనకు చెప్పింది ఇంతవరకే. నన్ను పట్టి ఆపింది 1225. ఆ ఏటికి హెన్రీ ఎదిగివచ్చాడు. ఫ్రాన్సులో మిగిలిన గాస్కనీని కాపాడుకోవాలి, మళ్ళీ సొమ్ము కావాలి. సామంతులు ఇస్తాం గానీ పత్రం తిరిగి ముద్రవేసి ఇయ్యమన్నారు. బేరం తెగింది. రాజ్యంలో అందరూ తమ చరాస్తిలో పదిహేనో వంతు ఇవ్వాలి. రాజు మాగ్నా కార్టానూ, దానితోపాటు అడవుల పత్రాన్నీ ఇవ్వాలి. మనస్ఫూర్తిగానే ఇస్తున్నానని కూడా రాజు చేత రాయించుకున్నారు. మళ్ళీ ఎవరో వచ్చి, బలవంతాన తీసుకున్నది గనక చెల్లదనకుండా.

ఆ వసూలు జరిగిన తీరు చూడండి. లెక్కగాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. రైతు ప్రమాణం చేసి, తనకు గొడ్లెన్ని, గింజలెన్ని అని చెప్పాలి. తనవే చెబితే చాలదు, ఇరుగుపొరుగు ఇద్దరివీ చెప్పాలి. పనిముట్లకు మినహాయింపు ఉంది, అమ్మకానికి కాకుండా ఇంటి తిండికి ఉంచుకున్నదానికీ ఉంది. పక్కింటివాడి గాదె గురించి దేవుడి మీద ఒట్టేసి చెప్పవలసి వచ్చిన ఆ పొద్దు ఊళ్ళో ఎన్ని పాత పగలు పైకి లేచి ఉంటాయో, ఆలోచిస్తే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలం కొలిపించి శిస్తు కట్టించిన సీమ ఇది. ఆ జమాబందీ కథలు తాతల నోట విన్న ఇళ్ళకు ఈ ప్రమాణాల తతంగం కొత్తేం కాదు.

మొత్తమ్మీద దాదాపు 40,000 పౌన్లు పోగయింది. 1215 నాటిది కత్తి చూపి తీసుకున్నది, పది వారాలకే కొట్టుకుపోయింది. 1225 నాటిది డబ్బు పోసి కొనుక్కున్నది, ఇంగ్లండు చట్టాల్లో నిలిచింది అదే. 1297లో మళ్ళీ ఖాయం చేసి చట్టాల చిట్టాలో ఎక్కించిందీ దాన్నే. ఆ 1297 నాటి ప్రతి ఒకటి 2007 డిసెంబరులో న్యూయార్క్ వేలంలో 2 కోట్ల 13 లక్షల డాలర్లకు పోయింది. కొన్న డేవిడ్ రూబెన్‌స్టయిన్ దాన్ని వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో జనం చూడటానికి పెట్టించాడు. ఉన్నిబట్టల బేరగాడి నుంచి పొలంలో చాకిరీ చేసే అర్ధబానిస దాకా అందరి పదిహేనో వంతులూ కలిసి కొన్న హక్కు, చివరికి ఒక్కడి చెక్కు మీద చేతులు మారిందన్నమాట.

మాగ్నా కార్టా ఎనిమిది వందల ఏళ్ళ పండగ దగ్గర పడింది. బ్రిటిష్ లైబ్రరీ, ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ కలిసి ఒక కొత్త కళాకృతి చేయించాలనుకున్నాయి. పని కార్నీలియా పార్కర్‌కు దక్కింది. 1991లో ఒక తోట కొట్టాన్ని సైన్యం చేత పేల్పించి, ఆ తునకలన్నీ గాలిలో వేలాడదీసి చూపించిన మనిషి ఈమె. అట్లాంటామె ఈసారి సూది పట్టమంది. అదీ పాత గొర్రెతోలు రాతను కుట్టమని కాదు. 2014 జూన్ 15న, అంటే 799 ఏళ్ళు నిండిన రోజున, ఇంగ్లీషు వికీపీడియాలో మాగ్నా కార్టా వ్యాసం ఎట్లా ఉందో అట్లాగే, బొమ్మలతో సహా కుట్టాలంది. ఊరూ పేరూ లేని వేలమంది దిద్దుతూ, కొట్టేసుకుంటూ రాసిన వ్యాసం గదా అది. బొంత గుణం దానిలోనే ఉంది.

గుడ్డ వెడల్పు మీటరున్నర. పొడవు దగ్గర దగ్గర 13 మీటర్లు. రెండు ఆరుగజాల చీరలు కొసాకొసా కలిపి పరిచినదానికన్నా ఇంకా ఎక్కువే ఉంటుంది. దాన్ని 87 ముక్కలు చేసి 200 మందికి పైగా చేతులకు పంపారు. ఖర్చుకు ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ప్రజాధనం తోడయింది. ప్రజాధనమంటే అక్కడ పన్నులూ, లాటరీ టికెట్లూ. పదిహేనో వంతు ఇంకో వేషంలో వచ్చిందని నేననుకుంటాను. డబ్బు లెక్క అంతటితో తెమిలింది. అసలు చందా వేళ్ళతో ఇవ్వాలి.

ఎవరికి ఏ మాట ఇవ్వాలో పార్కర్ ఆలోచించి ఇచ్చింది. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టి రష్యాలో తలదాచుకున్న ఎడ్వర్డ్ స్నోడెన్ స్వేచ్ఛ అనే అర్థమున్న మాటను కుట్టాడు. అప్పట్లో లండన్‌లోనే ఈక్వడార్ రాయబార కార్యాలయం గడప దాటలేని జూలియన్ అసాంజ్ కుట్టిందీ అదే అర్థమున్న ఇంకో మాట. జాతి ద్వేషానికి కొడుకును పోగొట్టుకుని న్యాయం కోసం ఏళ్ళ తరబడి తిరిగిన డోరీన్ లారెన్స్‌కు వచ్చిన మాటలు న్యాయం, నిరాకరణ, ఆలస్యం. ఆ మూడు మాటలూ కుట్టేటప్పుడు ఆ తల్లి చెయ్యి ఎట్లా కదిలిందో నేను రాయలేను. గార్డియన్ పత్రిక అప్పటి సంపాదకుడు అలన్ రస్‌బ్రిడ్జర్ సమకాలీన రాజకీయాల ప్రస్తావన ఉన్న చోట కుడుతూ వేలు పొడుచుకున్నాడు. నెత్తురు మరక గుడ్డమీద అట్లాగే ఉంది. ఉతకలేదు.

బొమ్మలు తేలికగా లొంగవు. వాటిని ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ వాళ్ళూ, రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్ళూ తీసుకున్నారు. పుట్టినప్పటినుంచి సూదితో బతికిన చేతులు. మరి మిగిలిన వ్యాసం? ఆ బారు బారు వాక్యాలు, తేదీలు, అడుగున లెక్కలేనన్ని చిన్నక్షరాలు? అందులో చాలా భాగం మన 36 మందిదే.

వాళ్ళకు పని ఇచ్చిన సంస్థ ఫైన్ సెల్ వర్క్. లేడీ ఆన్ ట్రీ అనే డ్యూకు గారి బిడ్డ జైళ్ళకు పోయి ఖైదీలను పలకరిస్తూ ఉండేది. రోజుకు ఎన్నో గంటలు గదిలో మూసి ఉంచిన మనిషికి చేతికొక పని ఉండాలనీ, ఆ పనికి కూలి ఉండాలనీ ఆమె పట్టు. పని ఇవ్వడానికి సర్కారు ఒప్పుకునేదేమో గానీ కూలికి ఒప్పుకోలేదు. దశాబ్దాలు పోట్లాడింది. ఆఖరికి 1997లో సంస్థ పని మొదలైంది. దిండుగలేబులూ పరుపుబొంతలూ కుట్టిస్తారు, అమ్ముతారు, అమ్మినదాంట్లో కుట్టినవాడికి వాటా ఇస్తారు. కుట్టేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. లోపల ఉన్న మనిషి ఇంటికి నాలుగు డబ్బులు పంపగలగడం చిన్న సంగతేం కాదు.

2015 మే 15న బ్రిటిష్ లైబ్రరీ గుమ్మంలోకి అడుగుపెట్టినవాళ్ళకు ఆ 13 మీటర్ల గుడ్డ పరిచి కనిపించింది. జూలై 24 దాకా ఉంచారు. పత్రికలు స్నోడెన్ మాట గురించి, అసాంజ్ మాట గురించి, నెత్తురు మరక గురించి రాశాయి. నేనూ పైన అదే చేశాను, తప్పు ఒప్పుకుంటున్నాను. ఒక్క మాట కుట్టినవాళ్ళకు ఒక్కొక్కరికీ పేరుంది, కథ ఉంది. పొద్దస్తమానం కుట్టినవాళ్ళను 36 మంది అని అంకెలో చెప్పి దాటుకున్నాను. అవ్వ ఉంటే గుడ్డ తిరగేసి చూపించమనేది.

మనకు అట్లాంటి పత్రం లేదా అంటే, నిక్షేపంలా ఉంది. రన్నీమీడ్ జరిగిన 29 ఏళ్ళకు, 1244లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం రాజులు లాక్కునే కాలమది. ఇకమీదట నియమించిన సుంకం తప్ప వేరే ఏదీ ముట్టమని గణపతిదేవుడు మాటిచ్చాడు. బేరగాళ్ళకు సొమ్ము ప్రాణం కన్నా ఎక్కువని కూడా శాసనంలో చెప్పాడు. జాన్‌కు మెడమీద కత్తి పెడితే గానీ తెలియని సంగతి ఇది. మాట ఒకసారి ఇస్తే చాలదని అక్కడ 1225లో తెలిసినట్టే ఇక్కడా తెలిసింది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ శాసనం వేయించాడు. గణపతిదేవుడి శాసనం మోటుపల్లి వీరభద్రుడి గుడి దగ్గర స్తంభం మీద ఇప్పటికీ ఉంది. మన ఎర్రగుంట్ల పక్కన కలమళ్ళలో క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం గురించి చెప్పుకుంటాం. మోటుపల్లిది తలుచుకునేవాళ్ళు తక్కువ.

దాన్ని గుడ్డమీదికి ఎక్కించడానికి మనకు చేతులు కొదవా? ప్రొద్దుటూరు మగ్గం వర్క్ వాళ్ళున్నారు, తండాల్లో అద్దాలు పొదిగే లంబాడీ ఆడవాళ్ళున్నారు, నర్సాపురం లేసు అల్లేవాళ్ళున్నారు, కాళహస్తి కలంకారీవాళ్ళున్నారు. ఊరికొక ముక్క, ఇంటికొక దారపుండ చాలు. ఎవరైనా ఈ పని నెత్తికెత్తుకుంటే చందా పుస్తకం పట్టుకుని రాజుపాలేనికి రండి. మా ఇంటి వాటా ముందే రాసుకోండి. ఒక్కటే షరతు. కూలి ఎంతో మొదటే తేల్చండి, కుట్టినవాళ్ళందరి పేర్లూ అంచు పొడుగునా కుట్టించండి.