హేతువు కనిపించని హత్యలు: ఏబ్ రెలెస్ జీవితం, సాక్ష్యం, మరణం

హత్య కేసులో దర్యాప్తు సాధారణంగా హేతువు నుంచి, అంటే హతుడి మీద ఎవరికి పగ ఉంది, అతని చావు వల్ల ఎవరికి లాభం అన్న ప్రశ్నల నుంచి మొదలవుతుంది. పత్రికలు 'మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్' అని పేరు పెట్టిన న్యూయార్క్ ముఠా 1930లలో ఆ ప్రశ్నలనే పనికిరాకుండా చేసింది. చంపించేవాడికి హేతువు ఉంటుంది గాని హత్యాస్థలంలో అతడు ఉండడు. చంపేవాడు అక్కడ ఉంటాడు గాని హతుడితో అతనికి ముఖపరిచయం కూడా ఉండనక్కరలేదు. ముఠా భాషలో 'కాంట్రాక్ట్' అనే ఈ ఏర్పాటుకు మన పత్రికల్లో వాడే 'సుపారీ' దగ్గరి మాటే అయినా, ఇక్కడ హంతకుడికి దక్కేది కేవలం రొక్కం కాదు, తన పేటలో జూదాలు, వడ్డీ వ్యాపారం అడ్డులేకుండా నడుపుకునే హక్కు కూడా.

ఈ వృత్తిని లోపలి నుంచి చూపించిన మనిషి, 'కిడ్ ట్విస్ట్' అనే మారుపేరుతో తిరిగిన ఏబ్ రెలెస్. యూదు వలస కుటుంబంలో 1906లో పుట్టి, బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్ పేటలో పెరిగిన అతడు, ఆ పేటలో జూదయంత్రాలను గుప్పిట్లో ఉంచుకున్న షపీరో సోదరుల దగ్గర చిల్లర పనులతో మొదలై, మార్టిన్ గోల్డ్‌స్టీన్‌తో కలిసి వారికే ఎదురుతిరిగాడు. 1931లో ఇద్దరు సోదరులూ, 1934లో మూడోవాడూ హతమయ్యాక పేట రెలెస్ బృందం వశమైంది. రాత్రంతా తెరిచి ఉండే 'మిడ్‌నైట్ రోజ్' అనే మిఠాయి కొట్టు వారి కూడలి. మంచుగడ్డలు పగలగొట్టే సన్నని ఇనుప సూది వారి ఆయుధాల్లో ఒకటి.

ఈ ముఠా చేత హత్యలు చేయించిన వారిలో ప్రధానుడు, దుస్తుల పరిశ్రమను బెదిరింపులతో శాసించిన లూయీ 'లెప్కే' బుకాల్టర్. అతని వల్ల లారీ రవాణా వ్యాపారం పోగొట్టుకుని చిన్న దుకాణం పెట్టుకున్న జోసెఫ్ రోజెన్, ప్రభుత్వ న్యాయవాదులకు ఏమైనా చెబుతాడేమోనన్న భయంతోనే 1936 సెప్టెంబరు 13న ఆ దుకాణంలోనే కాల్చి చంపబడ్డాడు. ముఠా చరిత్రలు నాయకుల మారుపేర్లకు ఇచ్చినంత చోటు ఇటువంటి మనిషికి ఇవ్వకపోవడం పెద్ద లోపం. బతుకుతెరువు ఒకసారి పోగొట్టుకున్నవాడు రెండోసారి ప్రాణమే పోగొట్టుకున్నాడు.

1940లో ఒక పాత హత్య కేసులో అరెస్టయిన రెలెస్, తోటివాళ్లు ముందుగా నోరు విప్పితే విద్యుత్ కుర్చీ తనకేనని గ్రహించి, గర్భవతి అయిన భార్య ద్వారా ప్రాసిక్యూటర్లకు కబురు పంపి అప్రూవర్‌గా మారాడు. అయితే నేరంలో పాలుపంచుకున్నవాడి మాట మీదే శిక్ష వేయడానికి న్యూయార్క్ చట్టం ఒప్పుకోదు. నిందితుడికి నేరంతో సంబంధం ఉందని చూపే వేరే ఆధారం తప్పనిసరి. (2024 వరకు అమల్లో ఉన్న మన 1872 నాటి సాక్ష్య చట్టం 133వ సెక్షన్ అంత కఠినంగా ఉండేది కాదు; అటువంటి ఆధారం లేదన్న ఒక్క కారణంతో శిక్ష చెల్లకుండా పోదని అది చెప్పేది, న్యాయస్థానాలు మాత్రం ఆ ఆధారాన్ని కోరుతూనే వచ్చాయి.) రెలెస్ జ్ఞాపకశక్తి అక్కరకొచ్చింది ఇక్కడే: ఎవరెవరు చూశారో, ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుందో కూడా అతడు చెప్పగలిగాడు. అతని సాక్ష్యం తోడుగా నడిచిన కేసుల్లో పాత మిత్రుడు గోల్డ్‌స్టీన్‌తో పాటు హ్యారీ స్ట్రాస్, హ్యారీ మయోన్, ఫ్రాంక్ అబండాండో మరణశిక్షకు గురయ్యారు.

1941 నవంబరు 12 తెల్లవారుజామున, కోనీ ఐలాండ్‌లోని హాఫ్ మూన్ హోటల్ ఆరో అంతస్తులో పోలీసు కాపలాలో ఉన్న రెలెస్ కిటికీలోంచి పడి చనిపోయాడు. తప్పించుకోబోయి పడ్డాడని 1951లో గ్రాండ్ జ్యూరీ, అంటే ఆరోపణలను విచారించే పౌరుల మండలి, తేల్చింది గాని, ఎవరో తోసేశారన్న అనుమానం చావలేదు. తోశారా, పడ్డాడా అన్న చర్చకన్నా ముఖ్యమైనది, అంత విలువైన సాక్షిని కాపాడలేకపోయిన బాధ్యత ప్రభుత్వానిదే కావడం.

ఇతర అప్రూవర్ల సాక్ష్యం దొరికిన రోజెన్ కేసులో లెప్కేకు మరణశిక్ష పడి, 1944 మార్చి 4న సింగ్ సింగ్ జైల్లో అమలైంది. రెలెస్ మాట మీదే ఆధారపడిన, మరో ముఠా నాయకుడు ఆల్బర్ట్ అనస్తేసియా మీది కేసు మాత్రం విచారణకే రాలేదు. అనస్తేసియా మరో 16 ఏళ్లు బతికి, 1957 అక్టోబరు 25న మాన్‌హాటన్‌లోని ఒక క్షౌరశాలలో తుపాకీ గుళ్లకు బలయ్యాడు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు.