పాదాల కింది పొయ్యి

పాతకాలపు కొరియా ఇంట్లో అన్నం ఉడికించిన మంటే పక్కగదినీ వెచ్చబరిచేది. ఆ ఏర్పాటు పేరు ఒందోల్. వంటింటి నేలను గది నేలకన్నా పల్లంగా కట్టేవారు. పొయ్యిలోంచి బయల్దేరిన వేడిపొగ గది అడుగున రాళ్లతో కట్టిన దారుల్లో పాకి, అవతలి గోడ దగ్గరి గొట్టంలోంచి బయటపడేది. ఆ దారుల మీద పలకరాళ్లు, వాటిపై మట్టిపూత, ఆపైన నూనె పట్టించిన మందపాటి కాగితం. పొయ్యి దగ్గర మందపు రాళ్లు, దూరంగా పలచనివి పరిచి గదంతా సమంగా వేడెక్కించడమే మేస్త్రీ పనితనం.

ఎంత చేసినా పొయ్యి వైపు వేడి ఓ పిసరు ఎక్కువే. ఆ చోటు ఇంటి పెద్దలది, వచ్చిన అతిథిది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి పసుపుపచ్చ కాగితం కమిలి గోధుమరంగుకు తిరిగేది. పొద్దుపోయి ఇల్లు చేరే మనిషి కోసం మూతపెట్టిన అన్నం గిన్నెను అక్కడే బొంత కింద ఉంచేవారు. ఒందోల్ అనగానే నా కళ్లముందు మెదిలేది ఆ గిన్నే.

దీని చరిత్రలో చావులూ ఉన్నాయి. కొరియా యుద్ధం తర్వాత కట్టెల బదులు యొంతాన్ అనే బొగ్గు దిమ్మలు వచ్చాయి. గుండ్రటి దిమ్మ, నిలువునా రంధ్రాలు. చవక, పైగా అడవులు మిగిలాయి. కానీ నేల బీటల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి ఎక్కి, నిద్రపోతున్నవాళ్లను నిద్రలోనే బలితీసుకుంది. నేల కింద పొగ పోయి, వేడినీళ్ల గొట్టాలు వచ్చాకే ఆ భయం తగ్గింది.

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇంపీరియల్ హోటల్ పనిమీద టోక్యో వెళ్లినప్పుడు, ఒకురా అనే ప్రముఖుడి ఇంట్లో ఒందోల్ ఉన్న కొరియా గదిలో కూర్చున్నాడు. అప్పటిదాకా చలికి వణికినవాడికి ప్రాణం లేచివచ్చింది. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1937లో పూర్తయిన జేకబ్స్ ఇంటికి కాంక్రీటు నేల కింద గొట్టాలు వేయించాడు.

ఇలాంటి నేల గొట్టాల్లోని నీళ్లను వేడిచేయగల హీట్ పంప్ కథ వేరే దారిలో నడిచింది. బోరు నీళ్లను తోడినట్టు అది బయటి చల్లదనంలోంచి వేడిని తోడుతుంది. ఫ్రిజ్ వెనకవైపు తగిలే వెచ్చదనం అదే. శాస్త్రవేత్త విలియం థామ్సన్ 1852లోనే ఈ ఊహ చేశాడు. 1938లో జ్యూరిక్ నగర సభాభవనాన్ని లిమ్మత్ నది నీటిలోంచి తోడిన వేడితో వెచ్చబరిచారు. మంచి పంపు ఒక యూనిట్ కరెంటుకు మూడు నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. కానీ నీళ్లు ఎంత వేడిగా కావాలంటే అంత ఎక్కువ కరెంటు తింటుంది. గోడకు తగిలించిన పాత రేడియేటర్లకు బాగా కాగిన నీళ్లు కావాలి. గదంతా పరుచుకున్న నేలకు 35 డిగ్రీల నీళ్లు చాలు, మన ఒంటి వేడికన్నా తక్కువే. అందుకే హీట్ పంపుకూ వెచ్చటి నేలకూ అంత చక్కగా కుదిరింది.

అడుగుపెట్టే నేల 29 డిగ్రీలు దాటకూడదని ఐరోపా ప్రమాణం. ఆ నేల మీద అన్నం గిన్నె వేడిగా నిలవదు. పిల్లల పాదాలకు మాత్రం సరిపోతుంది.