మొలొటోవ్ కాక్‌టెయిల్: పేరుకు డ్రింక్.. విసిరితే మంట! అసలు ఈ పేరెలా వచ్చిందో తెలుసా?

అల్లర్లు, యుద్ధాల వీడియోల్లో తరచూ వినిపించే మాట.. మొలొటోవ్ కాక్‌టెయిల్. వింటే బార్‌లో దొరికే డ్రింక్ అనిపిస్తుంది. కానీ ఇది మండే ద్రవం నింపిన గాజు సీసా. నిప్పంటించి విసిరితే సీసా పగిలి, పడిన చోట మంటలు లేస్తాయి. మన దగ్గర పెట్రోల్ బాంబు అంటాం. నిజానికి ఇది బాంబులా పేలదు.. తగలబెడుతుంది.

ఎవరీ మొలొటోవ్?

వ్యాచెస్లావ్ మొలొటోవ్.. స్టాలిన్ హయాంలో సోవియట్ ప్రధాని, విదేశాంగ మంత్రి. అసలు ఇంటిపేరు స్క్రియాబిన్. విప్లవ రోజుల్లో మొలొటోవ్‌గా మార్చుకున్నారు. రష్యన్‌లో 'మొలొట్' అంటే సుత్తి. ఈ ఆయుధాన్ని ఆయన కనిపెట్టలేదు. ఆయన్ని వెక్కిరించడానికి ఫిన్లాండ్ వాళ్లు పెట్టిన పేరిది!

అబద్ధానికి జవాబు

1939 ఆగస్టు 23న జర్మనీతో మొలొటోవ్ ఒప్పందంపై సంతకం చేశారు. అందులోని రహస్య నిబంధనల ప్రకారం ఫిన్లాండ్ సోవియట్ల వాటాకి వెళ్లింది. నవంబర్ 30న సోవియట్ సేనలు దాడికి దిగాయి. ఆ రోజే రాజధాని హెల్సింకీపై బాంబులు పడ్డాయి, సామాన్యులు చనిపోయారు. మొలొటోవ్ మాత్రం.. తాము వేస్తున్నది బాంబులు కాదు, ఆకలితో ఉన్నవాళ్లకు ఆహారం అని ప్రచారం చేశారు.

ఫిన్లాండ్ జనానికి ఒళ్లు మండింది. గాల్లో విడిపోయి చిన్న చిన్న బాంబుల్ని చల్లే ఆ పెద్ద బాంబుకి 'మొలొటోవ్ రొట్టెల బుట్ట' అని పేరు పెట్టారు. మరి తిండి ఆయన పంపితే, తాగడానికి మనమూ ఏదో ఒకటి ఇవ్వాలి కదా! అలా ట్యాంకుల మీదకి విసిరే సీసా 'మొలొటోవ్ కాక్‌టెయిల్' అయింది.

వీటిని భారీగా తయారుచేసింది కూడా ఫిన్లాండ్ ప్రభుత్వ మద్యం సంస్థ ఆల్కోనే. రాజమాకి ఫ్యాక్టరీలో 4.5 లక్షలకు పైగా సీసాలు సిద్ధం చేశారు.

ఆయుధం పాతదే

ఇలాంటి సీసాల్ని అంతకుముందే స్పెయిన్ అంతర్యుద్ధంలో వాడారు. ప్రపంచమంతా పాకిన పేరు మాత్రం ఫిన్లాండ్‌దే. 1940 మార్చి 13న ఆ యుద్ధం ముగిసింది. ఫిన్లాండ్ సుమారు 25 వేల మంది సైనికుల్ని, తన భూమిలో దాదాపు పదో వంతుని పోగొట్టుకుంది. స్వాతంత్ర్యం మాత్రం నిలబెట్టుకుంది.

మొలొటోవ్ 1986లో, 96 ఏళ్ల వయసులో చనిపోయారు. పేరు మాత్రం పోలేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు కీవ్ దగ్గరికి వచ్చినప్పుడు, ఉక్రెయిన్ రక్షణ శాఖ అక్కడి జనాన్ని సిద్ధం చేసుకోమన్నది వీటినే. మాస్కో నాయకుడి పేరుతో ఉన్న సీసా.. మళ్లీ మాస్కో సైన్యం మీదకే!