గని గోడను నిలబెట్టేది నీటి లెక్క

పుదుచ్చేరి పక్కనున్న పిళ్ళైచావడి ఇసుక తీరం నుంచి పడమటి మెరక ఎక్కితే నేల రంగు మారుతుంది. వాననీరు కోసిన గండ్లలో ఎర్రటి ఇసుకరాయి బయటపడి కనిపిస్తుంది. ఎండాకాలం గోడలా నిలబడే ఆ గట్టు, వానకు నానితే పెళ్లలుగా విరిగిపడుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని కడలూరు ఇసుకరాయి అంటారు. ఇదే రాయి దక్షిణాన తమిళనాడులోని నైవేలిలో లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గును కప్పి ఉంది. పైమట్టి తొలగించి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో ముప్పును ముందే లెక్కగట్టి అదుపు చేయడం ఎలా మొదలైందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఆ కథ నీటితో మొదలైంది. ఫ్రెంచివారి కాలంలో పుదుచ్చేరిలో ఆర్టీజియన్ బావులు వేశారు. మోట గానీ ఏతం గానీ లేకుండా లోపలి ఒత్తిడికే నీరు పైకి తన్నుకొచ్చేది. 1880లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ వీటి గురించి ప్రత్యేకంగా రాశాడు. 1884లో పుదుచ్చేరి దగ్గరి బాహూరులో నీటికోసం వేసిన బోరులో లిగ్నైట్ బయటపడింది. 1935లో నైవేలి ప్రాంతపు భూస్వామి జంబులింగ ముదలియార్ పొలంలోనూ బోరు వేస్తుంటే నల్లటి పదార్థం వచ్చింది. నిధి జాడ చెప్పింది నీరే. ఆ నిధికి అడ్డుపడిందీ నీరే.

ఎలాగంటే, నైవేలి లిగ్నైట్ అడుగున ఇసుక పొరల్లో నీరు బిగిసి ఉంటుంది. అది చదరపు సెంటీమీటరుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల బలంతో పైకి నెడుతుంది. అంటే ప్రతి చదరపు మీటరు మీద అరవై నుంచి ఎనభై టన్నులు. పైన అరవై మీటర్ల రాయి ఉన్నంతకాలం దాని బరువు సుమారు నూట ఇరవై టన్నులు కాబట్టి ఏమీ కాదు. ఆ రాయిని తవ్వి తీసేస్తే పదిహేను మీటర్ల లిగ్నైట్ పొర మిగులుతుంది. దాని బరువు ఇరవై టన్నులకు మించదు. అప్పుడు గని అడుగే పగిలి నీళ్లు ఎగదన్నుతాయి.

అందుకే 1950లలో ముందుగా ప్రయోగాత్మక గుంత తవ్వి, పంపులు పెట్టి పరీక్షించారు. గని చుట్టూ బోర్లు వేసి, తవ్వకం కంటే ముందే ఒత్తిడి తగ్గించాలని తేల్చారు. 1957 మే 20న నెహ్రూ గని పనులు ప్రారంభించారు. 1961 ఆగస్టులో లిగ్నైట్ తగిలింది. పంపులు ఆ తర్వాతా రాత్రింబవళ్లు నడుస్తూనే ఉన్నాయి.

గని గోడలకూ ఇదే సూత్రం. మట్టి రేణువుల సందుల్లో నిండిన నీటి ఒత్తిడి మట్టి పట్టును తగ్గిస్తుందని ఇంజనీరు కార్ల్ టెర్జాగి 1925లో సిద్ధాంతీకరించాడు. బెంచీలు మెట్లుమెట్లుగా వదలడం, వాలు తగ్గించడం, వాననీటికి కాలువలు తీయడం, గట్టు అంచున సన్నటి పగులు కనబడితే దానికి రెండువైపులా గుర్తులు పెట్టి ఎంత విచ్చుకుందో రోజూ కొలవడం, అన్నీ ఆ అవగాహన మీద నిలిచిన పనులే.

తెలుగునేల మీద 1975లో రామగుండంలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ మొదలైంది. గోదావరి తీరాన ఓబీ (బొగ్గు మీది నుంచి తీసిన మట్టి) దిబ్బలు కొండల్లా లేచాయి. తీసిన మట్టి కూడా ప్రాణం తీయగలదు. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజమహల్ గనిలో దిబ్బ జారి 23 మంది కార్మికులు చనిపోయారు. 2017 నాటి బొగ్గుగనుల నిబంధనలు గోడలకూ దిబ్బలకూ శాస్త్రీయ అధ్యయనం ప్రకారమే రూపకల్పన జరగాలన్నాయి. ముందస్తు కొలత విలువ అమెరికాలోని బింగ్‌హామ్ కాన్యన్‌లో తెలిసింది. అక్కడ 2013 ఏప్రిల్ 10న పదికోట్ల టన్నులకు మించిన రాయి జారింది. రాడార్లు కదలికను ముందే పట్టడంతో అందరినీ తరలించారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

అయితే లెక్క గని గట్టు దగ్గర ఆగకూడదు. నైవేలి పంపులు లాగే నీరు, చుట్టుపక్కల రైతుల బోర్లు తాగే నీరు ఒకే పొరలోది. తీరం వెంట నీటిమట్టం పడిపోతే ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది. గోడ కదలికను మిల్లీమీటర్లలో కొలిచే శ్రద్ధ పక్క ఊరి బావి నీటిమట్టం మీద కూడా ఉండాలి. ఆ అంకె కార్మికుడికి, రైతుకు తన భాషలో ప్రతినెలా తెలియాలి. ఆ రెండో కొలతను చట్టం మొదటిదానంత గట్టిగా అడిగినప్పుడే ఈ విద్య పూర్తయినట్టు.