బెల్టు ఒకటే, వంశాలు రెండు

నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్టలో పత్తి, మిర్చి పండుతాయి. కొడవలికి పదును పెట్టాలన్నా, గుమ్మాన్ని నునుపు చేయాలన్నా ఆ ఊళ్ల షెడ్లకే వెళ్లాలి. ఇనుప పనీ చెక్క పనీ ఒకే రేకుల కింద చేసే షాపువాడు బెల్టు మిషన్ కొందామని విజయవాడ వెళితే తికమక మొదలవుతుంది. సాండరైనా గ్రైండరైనా గరుకు బెల్టు గిరగిరా తిరిగేదే. తేడా వాటి పుట్టుకలో ఉంది.

సాండర్‌ది కాగితం వంశం. 1833లో లండన్‌లో జాన్ ఓకీ గాజుపొడి అంటించిన కాగితాన్ని పెద్దయెత్తున తయారు చేయసాగాడు. ఈ వ్యాపారంలోకి దారి తప్పి వచ్చినవాళ్లూ ఉన్నారు. 1902లో అమెరికాలో కురువిందమనే గట్టి ఖనిజం తవ్వుదామని పెట్టిన త్రీఎం కంపెనీకి దొరికింది కురువిందం కానే కాదు! చివరికి గరుకు కాగితం అమ్మి బతికి బట్టకట్టింది. (అసలు కురువిందం జగ్గయ్యపేట పొరుగునే, ఖమ్మం జిల్లాలో ఉంది.) 1926లో పోర్టర్ కేబుల్ కంపెనీ ఇంజినీరు ఆర్ట్ ఎమన్స్ చేత్తో పట్టుకుని నడిపే కరెంటు బెల్టు సాండర్‌ను రూపొందించాడు. చిత్రిక పట్టాక వడ్రంగి రెక్కలు పడిపోయేలా రుద్దే పని దానికి అప్పగించారు.

గ్రైండర్‌ది రాతి వంశం. సైకిలు తొక్కుతూ కత్తులకు సానబట్టేవాడి చక్రానికి అది మనవడు. రాతిని అరగదీసే విద్య ఈ నేలకు కొత్తేం కాదు. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించిన జగ్గయ్యపేట బౌద్ధ స్తూపపు పలకలు సున్నపురాతిని చెక్కి నునుపు చేసినవే. 1891లో ఎడ్వర్డ్ అచెసన్ కరెంటు కొలిమిలో కార్బోరండం పుట్టించాక సానచక్రాలకు కృత్రిమ రాయి దొరికింది. 1954లో మద్రాసులో సానచక్రాలు చేసే కార్బోరండం యూనివర్సల్ కంపెనీ మొదలైంది. అయితే రాతి చక్రం వాడేకొద్దీ చిన్నదవుతుంది, దాని ముఖం మూసుకుపోతుంది, డ్రెస్సర్ అనే పనిముట్టుతో మళ్లీ గీకాలి. బెల్టయితే ఊడదీసి కొత్తది ఎక్కిస్తే సరి. పైగా పొడవుగా ఉంటుంది కాబట్టి, ఒక చుట్టు తిరిగొచ్చేలోగా కాస్త చల్లారుతుంది.

చేతి సాండర్ బెల్టు నిమిషానికి సుమారు 300, 400 మీటర్లు పరిగెడుతుంది. కత్తులు చేసేవాళ్లు వాడే 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు బెల్టు గ్రైండర్ 1000 మీటర్లు సునాయాసంగా దాటుతుంది. ఆ వేగంలో ఇనుము వెన్నలా తెగుతుంది గానీ చెక్క మాడుతుంది. ఉక్కుకూ గండం ఉంది. అంచు నీలిరంగుకు తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్లినట్టే, పదును ఇక నిలవదు. పక్కన నీళ్ల డబ్బా పెట్టుకుని మాటిమాటికీ ముంచాలి.

తలుపులు, మంచాలే ఎక్కువైతే సాండరే కొనాలి. తలుపు రెక్కను 2 అంగుళాల బెల్టుతో చదును చేయడం అయ్యేపని కాదు. కత్తులు, గొడ్డళ్లు రోజూ వచ్చే కొలిమికి గ్రైండర్ దండగ కాదు, వేగం తగ్గించుకునే వీలున్నదైతే మరీ మంచిది. సాండర్ మీదే ఇనుము పెట్టేవాళ్లు మాత్రం ముందు దుమ్ము సంచి ఊడదీసి ఖాళీ చేయాలి. చెక్క పొడిలో నిప్పురవ్వ పడితే లోలోపలే రాజుకుంటుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే నాలుగు కొడవళ్ల కోసమైతే కొత్త మిషనే అక్కర్లేదు, వెల్డింగ్ షాపులో ఉన్న యాంగిల్ గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ బిగిస్తే చాలు.